ఆ రోజు ముల్లు కదలలేదు

మా ఉద్దానంలో అక్షరం ముక్క రాని ముసలమ్మకి కూడా నోరు తిరిగే ఇంగ్లీషు మాట ఒకటుంది. క్రియాటినిన్, కిడ్నీలు చెడితే రక్తంలో పెరిగేది. కొందరు కిరాటిన్ అంటారు, కొందరు కేటిన్ అంటారు. జీడి పూత ఎలా ఉందని అడిగినంత తేలిగ్గా "నీకెంతుందే?" అని ఒకరినొకరు అడుగుతారు. బయటినుంచి వచ్చినవాళ్ళు అది విని, పల్లెటూళ్ళో ఎంత ఆరోగ్య చైతన్యమో అని మురిసిపోతుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఊరంతా కోర్టుల చుట్టూ తిరిగితే ఊరందరికీ సెక్షన్ల నంబర్లు కూడా అలాగే వస్తాయి. దాన్ని చైతన్యం అనరు.

తొంభైల చివర్లో మా నాన్న పోయేనాటికి ఆ మాట కూడా మాకు రాదు. నాన్నది కొబ్బరితోట, సందుల్లో జీడిమామిడి, కాస్త వరి. ఆకలి లేదన్నాడు, వేడి చేసిందన్నారు. నీరసం అన్నాడు, ఎండలో పనిచేసే మనిషికి ఉండదా అన్నారు. పాదాలు పొంగాక పలాస తీసుకెళ్తే అక్కడి డాక్టరు విశాఖపట్నం తీసుకెళ్ళమన్నాడు. విశాఖపట్నంలో డాక్టరు కాగితాలు తిరగేసి "ఇప్పుడా తీసుకొచ్చేది?" అన్నాడు. రెండు కిడ్నీలూ అప్పటికే అయిపోయాయట. నొప్పి లేదు, జ్వరం లేదు, మనిషి పొద్దున లేచి తోటకి వెళ్తూనే ఉన్నాడు. మరి ఎప్పుడు తీసుకురావాలో అది మాత్రం ఆయన చెప్పలేదు.

నాన్న పోయాక అమ్మకి ఒక అలవాటు పట్టుకుంది. పొద్దున్నే అన్నయ్య పళ్ళు తోముకుంటూ అరుగు మీద కూర్చుంటే, వచ్చి వాడి కాలిపిక్క ముందు ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కేది. గుంట పడితే నీరు చేరినట్టు. పడకపోతే ఆ రోజుకి బతికిపోయినట్టు. మా వీధిలో చాలా ఇళ్ళలో ఆడవాళ్ళు ఆ పని చేసేవారు. అన్నయ్య నవ్వేవాడు. "నాను పనసపండునేటే, నొక్కి సూత్తావు?" అనేవాడు. గుంట పడే రోజు వచ్చిందంటే లోపల అంతా ముగిసినట్టేనని చదువుకున్నాక నాకు తెలిసింది. అమ్మకి చెప్పలేదు. ఆమెకి పొద్దున్నే దొరికే ఆ కాస్త ధైర్యం ఎందుకు తీసెయ్యాలి?

అన్నయ్య చదువు నాన్నతోనే ఆగిపోయింది. నన్ను మాత్రం వాడు ఆపలేదు. టెక్కలిలో డిగ్రీ చదివించాడు, విశాఖపట్నంలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీకి పంపించాడు. అది అయ్యాక అక్కడే ఒక సారు దగ్గర ల్యాబులో పనికి చేరాను. ఆయన తయారు చేస్తున్న యంత్రం గురించి విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు.

నిమ్మకాయలో రాగిముక్క, జింకుముక్క గుచ్చితే కాస్త కరెంటు పుడుతుందని బడిలో చూపిస్తారు కదా. మా యంత్రం దాని మనవరాలు. కిడ్నీ చెడడం మొదలైన తొలిరోజుల్లోనే మూత్రంలోకి ఒక పదార్థం జారుతుందని సారు నమ్మకం. ఒక చిన్న కాగితం మీద పూసిన మందు ఆ పదార్థాన్ని పట్టుకున్నప్పుడు పిసరంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటే మీటరు ముల్లుని కదుపుతుంది. బ్యాటరీ వద్దు, ప్లగ్గు వద్దు. రోజూ గంటలకి గంటలు కరెంటు పోయే మా ఊళ్ళలాంటి చోట చెట్టుకింద కూర్చుని కూడా చూడొచ్చు. రోగం తన గుట్టు తానే బయటపెట్టుకునే యంత్రం అన్నమాట. ల్యాబులో మిగతావాళ్ళు పేపర్ల గురించి, ఫెలోషిప్పుల గురించి మాట్లాడుకునేవారు. నాకు మాత్రం అరుగు మీద చాచిన అన్నయ్య కాలు కనిపించేది. "ఇప్పుడా తీసుకొచ్చేది" అనే మాట ఇంకెవరూ వాడి గురించి అనకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

రెండువేల ఐదో, ఆరో. యంత్రం ఒక రూపానికి వచ్చింది. ఊళ్ళో మనుషుల మీద చూడాలి అన్నారు సారు. మా ఊరు అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు, ఉద్దానం అంటే ఆయన రాసే పేపర్లలో కూడా బరువుంటుంది కదా.

సరిగ్గా అప్పుడే అన్నయ్యకి సంబంధం వచ్చింది. టెక్కలి పక్క ఊరు, భూమి ఉన్నవాళ్ళు, ఆ పిల్ల తండ్రికి రాజకీయాల్లో కాస్త పలుకుబడి. ఉద్దానానికి పిల్లనివ్వడమంటేనే బయటివాళ్ళు వెనకాడే రోజులు. అంతకుముందు వచ్చిన సంబంధాలు ఊరి పేరు వినగానే వెనక్కి పోయాయి. ఈయనకి అన్నయ్య నచ్చాడు, కానీ భయం పోలేదు. రక్తం చూపించి కాగితం తెమ్మని మగపెళ్ళివాళ్ళని అడగడం మర్యాద కాదు. అడిగితే ఆ మాటకే సంబంధం చెడుతుంది. ఊళ్ళో యంత్రం పెడుతున్నారని తెలిసి ఆయన అమ్మతో చాలా సౌమ్యంగా అన్నాడు.

"సెల్లెమ్మా, ఊరందరితోపాటు అల్లుడూ సూపించుకుంటాడు గదా. నానూ ఆ దినం ఇటేపు పనుండి వత్తాను."

పనుండి! ఆ పనేమిటో అందరికీ తెలుసు. అమ్మ కూడా అంతే మర్యాదగా "రా అన్నయ్యా, బోంచేసి ఎలుదువుగాని" అంది. నేను తెచ్చే యంత్రం వాడి ప్రాణం కాపాడడానికి అనుకున్నాను. వీళ్ళు దాన్ని పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టారు.

వేసవి. బడి వరండాలో బల్లలు వేశాం. ముందుగా సారు లేచి మాట్లాడారు. "ఇది యంత్రం పనితీరును పరిశీలించే ప్రాథమిక అధ్యయనం మాత్రమే. దీని ఆధారంగా వ్యాధి నిర్ధారణ జరగదు" అన్నారు. ఎంత చక్కని తెలుగో. మా ఊళ్ళో ఒక్కడికీ అర్థం కాలేదు. నేను లేచి "ఇది నిజమైన పరీక్ష కాదు, ఇందులో బాగున్నా పలాస వెళ్ళి రక్తం చూపించుకోవాలి" అని చెప్పాను. జనం తలలూపారు. ముల్లు కదిలితే చెడ్డ, కదలకపోతే మంచి అన్నది మాత్రం అప్పటికే ఊరంతా పాకిపోయింది. అలాంటిది ఎవరూ చెప్పనక్కర్లేదు.

మేము వచ్చేసరికే అన్నయ్య తోటలోంచి బొండాలు గెలలకి గెలలు దింపించి బడి ముందు కుప్ప పోయించాడు. మా వైపు ఇంటికి ఎవరొచ్చినా ముందు బొండాం కొడతారు. కాఫీలూ టీలూ తర్వాత. పైగా ఒంటేలుకి సంబంధించిన ఏ బాధకైనా మాకు తెలిసిన మందు అదే. వేడి తగ్గాలి, చలవ చెయ్యాలి. అన్నయ్య కత్తి పట్టుకుని సారుకొకటి, డ్రైవరుకొకటి కొట్టిచ్చాడు. సీసా పట్టుకుని వరసలో నిలబడ్డ ప్రతివాడికీ కొట్టాడు. "తాగండి మావా, తాగండి. ఈ ఎండకి ఒంటేలు రావద్దా?" అంటున్నాడు. ఒకటి తాగితే ఇంకొకటి చేతిలో పెడుతున్నాడు. అమ్మ కూడా కొంగు బిగించి ముసలివాళ్ళకి అందిస్తోంది. అందరూ నవ్వుతున్నారు. కిడ్నీల పేరు చెప్పి జనం నవ్వగా మా ఊళ్ళో చూసింది ఆ ఒక్కరోజే.

సీసాలు రావడం మొదలైంది. ఒక్కో చుక్క తీసి కాగితం మీద వేస్తున్నాను. ముల్లు కదలడం లేదు. మొదట సంతోషపడ్డాను, అబద్ధమెందుకు? తర్వాత వరస చూశాను. ఎవరి సీసా చూసినా ఒకటే రంగు, అసలు రంగే లేదు, బావి నీళ్ళు పట్టినట్టున్నాయి. ఎండలో పొద్దుటినుంచీ పనిచేసే మనుషుల ఒంటేలు అలా ఉండదు. బొండాం నీళ్ళు కడుపునిండా తాగిస్తే ఉంటుంది. సముద్రంలో చిటికెడు పసుపు వేసి రంగు మారలేదంటే ఎలా? పదార్థం ఉన్నా ఆ నీళ్ళలో పలచబడి ముల్లుకి అందదు.

సారుని పక్కకి పిలిచి చెప్పాను. చిక్కదనం కొలిచే గాజుగొట్టం మన పెట్టెలోనే ఉంది, ముందు అది చూద్దాం, పలచగా ఉన్నవన్నీ పక్కన పెట్టి రేపు పొద్దున్నే మళ్ళీ తీసుకుందాం అన్నాను.

"అన్నీ పలచగానే ఉన్నాయి కదమ్మా. అన్నీ పారబోస్తే ఇక మిగిలేదేముంది?" అన్నారు ఆయన.

"మిగలకపోతే మిగలకపోనివ్వండి సార్. వీళ్ళు బాగున్నామనుకుని ఇళ్ళకి పోతున్నారు."

"నేను ముందే చెప్పాను కదా, ఇది రోగం తేల్చేది కాదని. మన యంత్రం కరెంటు లేకుండా పల్లెటూళ్ళో పనిచేసింది. మనం చూపించాల్సింది అంతవరకే." అని చేతిలోని బొండాం పూర్తిగా తాగి కింద పెట్టారు.

ఆయన దుర్మార్గుడు కాడు. ఆ మాట నేను ఇప్పటికీ ఒప్పుకుంటాను. ఆయనకి యంత్రం ముఖ్యం, అంతే. మనిషిని పక్కన పెట్టి యంత్రాన్ని ప్రేమించేవాళ్ళు చేసే చెరుపుకి దుర్మార్గం అక్కర్లేదు.

అన్నయ్య సీసా వచ్చింది. టెక్కలి పెద్దమనిషి పని ఉన్నవాడిలా వరండా స్తంభానికి ఆనుకుని చూస్తున్నాడు. చుక్క వేశాను. ముల్లు కదలలేదు. ఆయన ముఖం విప్పారింది. అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, దేవుడికో యంత్రానికో తెలియదు. "అన్నీ పలచగా ఉన్నాయి, ఇవేవీ లెక్కలోకి రావు" అని నేను గట్టిగానే అన్నాను. అప్పటికే ఎవరో ఈల వేశారు. నా గొంతు ఎవరికీ వినబడలేదు.

సారు వాళ్ళు వెళ్ళాక సాయంత్రం అరుగు మీద అమ్మ మీద విరుచుకుపడ్డాను. బొండాలెందుకు పోశారు, ఎవరు పొయ్యమన్నారు అని అరిచాను.

"ఓలమ్మ, ఇదేటి సోద్యం! ఇంటికొచ్చినోలకి బొండాం ఇయ్యడం తప్పేటే? నువ్వే తెచ్చినావు, ముల్లు కదల్నేదంటే మళ్ళీ నువ్వే కాదంతన్నావు" అంది అమ్మ.

అన్నయ్య వైపు తిరిగాను. రేపే పలాస వెళ్దాం, రక్తం ఇద్దువుగాని అన్నాను.

"నీ మిసన్ని నువ్వే నమ్మకపోతే ఇంకెవులు నమ్ముతారే?" అని నవ్వాడు. "అలాగే ఇద్దాం. పెళ్ళి కానీ. ఇప్పుడు పలాసలో రక్తమిత్తే రేపు టెక్కలిలో తెలిసిపోద్ది."

అది నిజమే. పలాసలో ఏ డాక్టరు మెట్లెక్కితే ఏ జబ్బో ఆటోలో వాళ్ళు చెప్పేస్తారు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. ఇక్కడ ఒక్క అబద్ధమైనా ఎవరూ ఆడక్కర్లేకపోయింది, కదలని ముల్లే పెళ్ళి పెద్దయింది. నెలలోపే టెక్కలిలో పెళ్ళి జరిగింది. వదిన మంచిది. నాకంటే కాస్త చిన్నది. వచ్చిన రోజే నన్ను చూసి "మీ మిసన్ వల్లే నాను ఈ ఇంటికొచ్చినాను" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

తర్వాత అన్నయ్య రక్తం ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా కోత అన్నాడు, జీడి ఏరుడు అన్నాడు. మూత్రం చిక్కదనం చూడందే కాగితం వెయ్యకూడదని ల్యాబులో ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఏడాది చూసి మానేసి విశాఖపట్నంలోనే ఒక బడిలో పంతులమ్మగా చేరాను. మా ఊరి పరీక్ష విజయవంతమైందని సారు పెద్ద ఫొటో ఒకటి ల్యాబు గోడకి పెట్టించారు. అందులో మా ఊరివాళ్ళు వరసగా నిలబడి నవ్వుతున్నారు.

పెళ్ళైన మూడో ఏడు కొబ్బరికాయలు దింపిస్తూ అన్నయ్య ఆయాసంతో తోటలోనే కూలబడ్డాడు. ఈసారి "ఇప్పుడా తీసుకొచ్చేది" అన్న డాక్టరు వేరే మనిషి. మాట అదే.

డయాలసిస్ మొదలైంది. పలాసలో బండెక్కి విశాఖపట్నం, మళ్ళీ పలాస. వదిన తోడొచ్చేది, కుదిరినప్పుడు నేను ఆసుపత్రికి వెళ్ళి కూర్చునేదాన్ని. మా ఊళ్ళ మనుషులు ఆ హాల్లో ఎంతమంది ఉండేవారంటే, మంచాల మధ్య మా యాసే వినబడేది. ఒకరోజు వదిన టిఫిను తేవడానికి కిందికి వెళ్ళింది. సారుని తిట్టాను, బొండాల్ని తిట్టాను, అమ్మ చేతుల్ని తిట్టాను. ఆ రోజు అమ్మ పొయ్యకుండా ఉంటే ముల్లు కదిలేది, నువ్వు ఇక్కడ ఉండేవాడివి కావు అన్నాను.

అన్నయ్య కాసేపు గొట్టంలో తిరుగుతున్న తన రక్తాన్ని చూస్తూ ఉన్నాడు.

"అమ్మనేటీ అనకు. అది ఆయమ్మకి తెల్దు. బొండాలు కొట్టింది నాను."

"కొట్టావు, చూశాను కదా."

"కావాలనే కొట్టినాను. ఆ ముందటేడే బరంపురం ఎల్లి రక్తమిచ్చినాను. పలాసలో ఎక్కితే ఎవులైనా సూత్తారని పక్క టేసను సుమ్మాదేవిలో బండెక్కినాను. కొద్దిగా ఎక్కువుందన్నాడు ఆ డాక్టరు. ఒళ్ళునొప్పులకి బిళ్ళలు మింగొద్దు, తరుసూ వచ్చి సూపించుకో అన్నాడు."

"మళ్ళీ వెళ్ళావా?" అన్నాను.

"నేదు. ఎల్తే ఏటి సేత్తాడు? తగ్గే మందు నేదని ఆడే సెప్పినాడు. పెరక్కుండా సూసుకోవడమే అన్నాడు. సూసుకుంతన్నట్టు ఎవులికైనా తెలిత్తే నాకు పిల్లనెవులిత్తారే? మన అయ్య తెలీక పోనాడు. నాను తెలిసి పోతన్నాను. మద్దిలో నాలుగు దినాలు ఇంటోడిలాగ బతికినాను."

"మరి నువ్వొక్కడివీ తాగాల్సింది. ఊరంతటికీ ఎందుకు పోశావు?"

"నా సీసాయే నీళ్ళలాగుంటే నువ్వు పట్టీయవేటి? నీకు తెలీకూడదనే అందరికీ కొట్టినాను."

వాణ్ణి కొట్టాలనిపించింది. చేతికి సూదులు గుచ్చి పడుకోబెట్టిన మనిషిని ఎలా కొడతాం? ఆ రోజు సీసా ఇచ్చి ధైర్యంగా ఇంటికి పోయినవాళ్ళలో ఎంతమంది తర్వాత మంచం పట్టారో నేను లెక్కపెట్టలేదు, పెట్టలేను. వాళ్ళలో కొందరు ఆ హాల్లోనే, రెండు మంచాల అవతల ఉన్నారు. మేం ల్యాబులో ముందుగా తెలుసుకోవడమెలా అని తలలు బద్దలు కొట్టుకున్నాం. తెలిసినవాడు తెలుసని చెప్పుకుని ఏ ఇంట్లో బతకాలో ఒక్కరమూ ఆలోచించలేదు. అన్నయ్య మాటలో న్యాయముంది. కానీ వదిన ఏం చేసింది? ఆమెని ఎవరడిగారు? ఆ మాట వాడితో అన్నాను కూడా. వాడు ముఖం తిప్పుకున్నాడు. అంతలో వదిన ఇడ్లీ పొట్లం పట్టుకుని వచ్చింది.

తర్వాతి వేసవి గడవలేదు, అన్నయ్య పోయాడు.

వదినకి ఇప్పుడు అంతా తెలుసు. ఎలా తెలిసిందన్నది ఆమె సొంత సంగతి, అది నేను రాయను. అప్పటికి మాత్రం తెలియదు. కర్మలు ముగిశాక ఆమెని పుట్టింటికి తీసుకెళ్ళారు. కొన్నాళ్ళాగి చూడ్డానికి టెక్కలి వెళ్ళాను. పెరట్లో చాప మీద జీడిపిక్కలు ఎండబోసి మధ్యలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. పక్కన కూర్చున్నాను. చాలాసేపు చేత్తో పిక్కలు కలియబెడుతూనే ఉంది.

"ఒకటి అడుగుతాను, నిజం సెప్తావా?" అంది.

"అడుగు వదినా."

"పెళ్ళినాటికి ఆయనకి తెలుసా? మా అయ్య తెలుసంతన్నాడు. తెలిసే మోసం సేసినాడంతన్నాడు. నాను నమ్మనేదు. నువ్వు సెప్పు."

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ఇంట్లో వాళ్ళెవరో గుమ్మం వెనక నిలబడి వింటున్నారు, కాళ్ళు కనిపిస్తున్నాయి.

"తెలియదు వదినా" అన్నాను. "మిషనే తప్పు చూపించింది."

"మిసనేనా?"

"మిషనే."

వదిన పెద్దగా ఏడ్చింది. అన్నయ్య పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి కొంగుతో ముఖం తుడుచుకుని "అయితే ఆయన్ననడానికి నేదు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మరెందుకు తెచ్చినావే ఆ మిసన్ని? తప్పు సూపించేదాన్ని ఊరిమీదకెందుకు తెచ్చినావు? నీ సదువు కాల, నీ సేతులు పడిపోనూ, ఆడపిల్ల బతుకుతో ఆడుకోడానికేటి నువ్వు సదివింది?" అని తిట్టింది. గుమ్మం వెనక కాళ్ళు లోపలికి వెళ్ళిపోయాయి.

తల దించుకుని కూర్చున్నాను. ఆ ముల్లు తప్పు చూపించలేదు. ఆ రోజు సీసాలో ఏముందో అదే చూపించింది. దానికోసం ఎవరెవరితోనో పోట్లాడినదాన్ని, ఆ పెరట్లో దాని తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. వదిన తిట్టినంతసేపూ తిట్టించుకుని, చీకటి పడకముందే పలాస బస్సెక్కాను.